కొత్త డిస్కు మీద నా కేసు

జూన్ 3, మంగళవారం

రాయి అన్నాను. నా తోటికోడలు ఆ మాట కూడా రాసేసింది. సరే, ఉండనీ.

నాకు అక్షరం ముక్క రాదు. ఆవిడ బడిపిల్లల చెవులు మెలేసి రిటైరైన మనిషి. కాబట్టి నోరు నాది, చెయ్యి ఆవిడది. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. రేపు ఇంట్లో గొడవైతే నా మాట కాగితం మీద ఉండాలి. అంతే.

విషయం ఇది. ఇంటి ముందుగదిలోనే ఉన్న మా ఎంబ్రాయిడరీ షాపులో ఒక కంప్యూటర్ ఉంది. నేను సుద్దముక్కతో గుడ్డ మీద గీసిన బొమ్మలన్నీ మా కోడలు దానిలోకి ఎక్కించింది. పిట్టలు, తీగలు, ఓడలు, సింహం మొహాలు. మెషిన్ వాటిని చూసి కుడుతుంది. ఆ బొమ్మలన్నీ ఉండేది ఒక డిస్కులో. సుద్దగీత ఒక్క ఉతుకుతో పోతుంది. అంటే నా బొమ్మలు ఆ డిస్కులో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు.

ఆ డిస్కు ఇవాళ పొద్దున్న నుంచి పళ్లు కొరుకుతోంది. కటకట, కటకట. కోడలు మొహం పాలిపోయింది. రెండేళ్ల నుంచి చెబుతున్నాను అత్తయ్యా, దీనికి ఒక కాపీ పెట్టుకుందామని, అంది. చెప్పినమాట నిజమే. నేను వినని మాటా నిజమే. దాని గురించి ఈ కేసులో ప్రస్తావన అనవసరం.

జూన్ 4, బుధవారం

డిస్కుని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్లాను. కోడలు పట్టుకుంటానంటే ఇవ్వలేదు. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ని తిట్టాను. ఒళ్లో పసిబిడ్డ ఉందనుకున్నాడేమో, పాపం, నిదానంగా పోనిచ్చాడు.

కంప్యూటర్లు బాగుచేసే మనిషిని మేం డిస్కుల డాక్టరు అంటాం. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒక పెట్టెలో పక్కపక్కన నిలబెట్టి క్లోన్ చేస్తానన్నాడు. అంటే ఏమిటయ్యా అంటే, మక్కీకి మక్కీ దించడం అన్నాడు. మా సింహానికి ఒక పన్ను వంకర, అది కూడా దిగుతుందా అని అడిగాను. పన్నే కాదు మామ్మగారూ, పంటినొప్పి కూడా దిగుతుంది అన్నాడు.

స్టూలు వేయించుకుని అక్కడే కూర్చున్నాను. భోజనానికి వెళ్లిరమ్మన్నాడు. నా బతుకంతా ఆ పెట్టెలో ఉంటే నాకు అన్నం ఎలా దిగుతుంది? సాయంత్రానికి అయిపోయిందన్నాడు. రెండూ తెచ్చుకున్నాం.

జూన్ 5, గురువారం

ఇక్కడి నుంచే అసలు కేసు.

పాతదాన్ని దాని చోట్లో మళ్లీ బిగించారు. కొత్తదాన్ని పక్కన ఇంకో వైరుకి తగిలించారు. నేనే అలా చేయమన్నాను. కంప్యూటర్ పాతదాన్ని చూపించింది. కొత్తది ఉందని మాత్రం అంటుంది, లోపలికి రానివ్వదు. ఆఫ్‌లైన్ అని రాసి కూర్చుంది. కోడలు నొక్కింది, ఆపింది, వెలిగించింది, వైరు మార్చింది. ఆఫ్‌లైన్.

డిస్కు దండగది అన్నాను నేను. కాదత్తయ్యా, రెండూ కలిసి ఉండటమే తంటా, ఆపేసి పాతది తీసి ఆ చోట్లో కొత్తది పెడితే లేస్తుంది అంది ఆవిడ.

నేను వల్లకాదన్నాను. నా వాదన శ్రద్ధగా రాయి. మా పనిలో దారం మార్చేటప్పుడు పాత దారం పీకేసి కొత్తది ఎక్కించే వాళ్లెవరూ లేరు. పాత దారం కొసకి కొత్త దారం ముడేసి లాగుతాం. కొత్తది సూది దాకా వచ్చాకే పాతదాన్ని వదులుతాం. చేతిలో ఉన్నదాన్ని వదిలేసి గాల్లో వెతుక్కోవడం నా వంశంలో లేదు. కొత్తది లేచి నిలబడి నా పిట్టని నాకు చూపించాలి. అప్పుడు తీస్తాను పాతదాన్ని.

పైగా పాతదాని ఆరోగ్యం అంతంతమాత్రం. ఒకసారి నిద్రపోతే మళ్లీ లేస్తుందని పూచీ ఎవరిస్తారు? ఈ మాట అడిగాను. కోడలు గొణుక్కుంటూ లోపలికి పోయింది. ఏం గొణిగిందో తోటికోడలికి వినపడిందట. చెప్పదట.

జూన్ 6, శుక్రవారం, పొద్దున్న

డాక్టరు ఇంటికొచ్చాడు. టీ తాగాడు. కొత్త డిస్కు తప్పేమీ లేదన్నాడు. రెండిటి మీదా ఒకే గుర్తు ఉందట. క్లోన్ కదా, గుర్తు కూడా దిగిపోయింది. ఆ గుర్తుతో ఒకటి ఇప్పటికే లోపల ఉంది కాబట్టి రెండోదాన్ని కంప్యూటర్ గుమ్మం బయట నిలబెట్టిందట.

ఉన్నవి రెండు దార్లు అన్నాడు. కొత్తదాని గుర్తు మార్చడం. అలా చేస్తే రేపు పాతది పోయిన రోజున ఇది దాని చోట్లో లేవకుండా మొరాయించవచ్చు, కుట్టే సాఫ్ట్‌వేర్ కూడా పేచీ పెట్టవచ్చు. లేదంటే పాతది తీసేయడం.

మూడో దారి చెప్పమన్నాను. లేదన్నాడు. నువ్వు గట్టిగా చెబితే వింటుందయ్యా అన్నాను. మామ్మగారూ, గట్టిగా చెబితే వినడానికి అదేమైనా మీ కోడలా అన్నాడు. కోడలు నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది, కానీ నవ్వింది. ఇది సాక్ష్యం కింద రాసిపెట్టు.

అదే రోజు, సాయంత్రం

బాకా మేష్టారు వచ్చాడు. బ్యాండు నడుపుతాడు. ఎల్లుండి కాదు, ఆ పై ఆదివారం వాళ్ల కచేరీ. బృందం మొత్తానికి కోట్లు మేమే కుడుతున్నాం, ఛాతీ మీద నా పిట్ట. దానికి ముందు శనివారానికి అందకపోతే వాళ్లు చొక్కాలతో వాయించుకోవాలి, మేం షాపు ముందు తల దించుకుని తిరగాలి.

ముక్కు కాస్త ఎర్రగా పెడితే బాగుంటుందేమో అన్నాడు. బాగుండదన్నాను. రెక్క అంచుకి బంగారు రంగు దారమా, పసుపా అన్నాడు. బంగారం అన్నాను. కోట్లు టైముకి వస్తాయా అన్నాడు. ఎందుకు రావు అన్నాను.

ఇక్కడ తోటికోడలు పెన్ను ఆపింది. అక్కా, ఆయన మూడుసార్లూ అడిగింది మన కోడల్ని, నిన్ను కాదు, అంది. నిన్ను రాయడానికి పెట్టుకున్నాను, తీర్పు చెప్పడానికి కాదు అన్నాను. అదీ రాసింది, చూడు.

జూన్ 7, శనివారం

కొత్తది లేవలేదు. నేనూ లొంగలేదు.

జూన్ 9, సోమవారం

ఇవాళ పిట్టకి రెక్క సగం కుట్టాక మెషిన్ ఆగింది.

సూది గుడ్డలో దిగి ఉండిపోయింది. కంప్యూటర్ తెర బిగుసుకుపోయింది. లోపల డిస్కు కటకటలాడి, ఆగి, మళ్లీ కటకటలాడింది. గుండె జారిపోవడం అంటారే, నాది జారి ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సి వచ్చింది. కోడలు ఒక్క మాట అనలేదు. నేను చెప్పలేదా అని అనొచ్చు. నేనైతే అనేదాన్ని, అదీ వీధి చివరి దాకా వినపడేలా. ఆవిడ ఫ్రేము కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కదిలితే కోటు పాడైపోతుంది.

ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. తెర కదిలింది. సూది లేచింది. రెక్క అక్కడి నుంచే అందుకుంది.

కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేసి చూశాను. కాలిపోతోంది. జ్వరం తగిలిన ఒళ్లు ఎలా ఉంటుందో అలా.

జూన్ 10, మంగళవారం

కోడల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మొన్న చెప్పింది మళ్లీ చెప్పమన్నాను. ఈసారి మధ్యలో అడ్డం పడలేదు. పడబోయాను, తోటికోడలు గిల్లింది.

రెండూ ఒక్కలాంటివే అత్తయ్యా, అంది. తేడా కనిపెట్టలేనంత. అందుకే కంప్యూటర్ రెండిటినీ ఒకేసారి రానివ్వదు. ఒకటి కుర్చీలో ఉన్నంతసేపూ రెండోది బయటే ఉంటుంది. అది చచ్చిపోలేదు, చెడిపోలేదు. చోటివ్వలేదు, అంతే.

అయితే తప్పు కొత్తదానిది కాదా అన్నాను. కాదంది. పాతదానిదా? కాదంది. మరి ఎవరిదంటే, దారపు కండెలు సర్దడం మొదలుపెట్టింది. ఎంత మర్యాదో.

పాతది తీశాక మళ్లీ లేవకపోతే, కొత్తదీ లేవకపోతే, నా బొమ్మల గతేమిటి అని అడిగాను. నాకూ అదే భయం అంది. నీకెందుకు భయం, గీసింది నేను కదా అన్నాను. అప్పుడు తలెత్తింది. మీరు ఒక్కోటి ఒక్కసారి గీశారు, నేను మీ సుద్దగీత చెరిగిపోకముందే ఒక్కో వంపూ పట్టుకుని తెర మీద మళ్లీ గీశాను, సింహం వంకర పన్ను సరిచేయబోయి, అది పొరపాటు కాదు, ఆయమ్మ కావాలనే గీసిందని వదిలేసింది ఎవరనుకున్నారు అంది.

ఆ పన్ను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కావాలనే గీశాను.

ఆయమ్మ అంది నన్ను. కోపంలో అంది. పట్టించుకోలేదు.

జూన్ 11, బుధవారం

తీసేద్దాం అన్నాను. కానీ నా చేత్తోనే తీస్తానన్నాను.

కంప్యూటర్ ఆపేశారు. కోడలు టార్చి పట్టుకుంది. ఏ వైరు ముందో, ఏది తర్వాతో చెప్పింది. మొదటి వైరు దగ్గరే మూడుసార్లు ఆగాను. భయంతో కాదు, వయసుతో. తోటికోడలు ఇక్కడ ఏదో కొట్టేసి మళ్లీ రాస్తోంది. ఏం రాస్తున్నావే?

పాతది నా చేతిలోకి వచ్చింది. ఇంకా వెచ్చగానే ఉంది. కొత్తదాన్ని ఆ చోట్లో బిగించింది కోడలు. మీరు నొక్కండి అంది. నువ్వే నొక్కు అన్నాను.

తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగా ఉంది. డాక్టరు గాడి షాపుకి వెళ్లి ఏమేం తిట్టాలో వరసగా సిద్ధం చేసుకున్నాను. అంతలో వెలిగింది. చప్పుడు లేదు. కటకట లేదు, గురగుర లేదు, ఏమీ లేదు. ఇంత నిశ్శబ్దంగా పని చేసే వస్తువు మా ఇంట్లో ఇదే మొదటిది.

పిట్టలు వచ్చాయి. తీగలు వచ్చాయి. ఓడలు తెరచాపలతో సహా వచ్చాయి. సింహాన్ని పెద్దది చేసి చూపించమన్నాను. పన్ను వంకరగానే ఉంది. కోడలు నా వైపు చూసి నవ్వింది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేనూ అదే పని చేశాను.

కేసు కొట్టేస్తున్నాను. తప్పు నాదని మాత్రం రాయకు.

తప్పు అక్కదే. (ఇది నేను చెప్పింది కాదు. నా వెనకాల తోటికోడలు రాసింది. చదివి వినిపించమంటే బయటపడింది.)

జూన్ 14, శనివారం

బాకా మేష్టారు కోట్ల కోసం వచ్చాడు. ఒకటి తొడుక్కుని అద్దం ముందు బుగ్గలు పూరించి చూసుకున్నాడు. ఇంకో బృందం వాళ్లకీ ఇలాంటివే కావాలట, పిట్ట బదులు ఏం పెట్టొచ్చు అని అడిగాడు. కోడలు నావైపు చూసింది. నేను కత్తెర కోసం వెతుకుతున్నాను. కత్తెర నా చేతిలోనే ఉంది, అయినా వెతుకుతున్నాను. కాసేపు చూసి, ఓడ పెడదాం అని ఆవిడే చెప్పింది, తెరచాప కాస్త వంచి పెడితే ఊపుగా ఉంటుందంది.

నేనైతే వంచేదాన్ని కాదు. వంచితేనే బాగుంది.

వెళ్తూ వెళ్తూ మేష్టారు తోటికోడల్ని గొంతు తగ్గించి అడిగాడట, పెద్దావిడకి ఒంట్లో బాగాలేదా అని.

జూన్ 16, సోమవారం, మధ్యాహ్నం

పాత డిస్కు నా దిండు పక్కన ఉంది. వైరు లేదు. చల్లబడింది. అదీ నేనూ ఇప్పటిదాకా పడుకున్నాం. షాపు నుంచి ఎవరూ పిలవలేదు.