కుందేలు బాపు

సిద్దిపేట,
అక్టోబరు 2011

శ్రీవారికి స్వరూప నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, పాప, అత్తమ్మ బాగానే ఉన్నాం. దుబాయిలో మీరూ బాగానే ఉన్నారని మిరుదొడ్డి మల్లయ్య సెలవు మీద వచ్చినప్పుడు చెప్పాడు. పొట్ట కూడా వచ్చిందట, సంతోషం. ఫోన్‌లో అయితే మాట నచ్చకపోతే మీకు సిగ్నల్ పోతుంది కదా, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మల్లయ్య చేత మీరు పంపిన ఉత్తరం, కుందేలు బొమ్మల సీడీ దసరాకు ముందే అందాయి. అడిగినవాటికి జవాబు చెబుతాను. అత్తమ్మ మోకాలి నొప్పి అట్లాగే ఉంది. సకల జనుల సమ్మెతో బడికి తాళం పడింది, బస్సుల్లేవు, కరెంటు దాని ఇష్టం. "ఐదేండ్ల పిల్లకు లాఠీచార్జీలు, ఏడుపులు చూపించకు. మనసు పాడవుతుంది. మంచి బొమ్మల సినిమాలు చూపించు" అని మూడు పేజీలు రాశారు. పిల్లల పెంపకం మీద ఇంత జ్ఞానం ఎడారిలో ఎక్కడ దొరికిందో గానీ, చెప్పినట్టే చేశాను. వార్తలు బంద్ పెట్టాను. బొమ్మల ఛానళ్లు చూస్తే వాటిలోనూ నెత్తి మీద సుత్తితో కొట్టుకోవడమే. చివరికి మీ సీడీయే పెట్టాను.

కుందేలు సినిమా నిజంగా మంచిది. అరుపుల్లేవు, దెబ్బల్లేవు. ఆ భాష మాకు రాదు, అయినా అర్థమవుతుంది. పొద్దంతా కుందేలు పిల్ల ఆడుకుంటుంది, పొద్దుగూకగానే తండ్రి కుందేలు ముల్లంగి దుంప పట్టుకుని ఇంటికొస్తుంది. ప్రతి కథలోనూ వస్తుంది. మన దీక్షిత కరెంటు ఉన్నంతసేపూ అదే చూసింది.

"అమ్మా, కుందేలు బాపు రోజు ఇంటికొస్తుండు. మన బాపు ఎందుకొస్తలేడు?"

"దసరాకొస్తడు బిడ్డా" అన్నాను. మీరిచ్చిన మాటే చెప్పాను.

దసరా పోయింది. తర్వాత మీరు ఫోన్ చేసి, "ఈడ పని ఇంకో రెండేండ్లు పొడిగించుకున్న. పాపకు ఇంకో కుందేలు సీడీ పంపుతున్న" అన్నారు. నేను నోరు తెరిచేలోపు సిగ్నల్ పోయింది. పక్కనే నిలబడి పాప అంతా విన్నది.

ఇక్కడ పాత బస్టాండు దగ్గర రోజూ దిష్టిబొమ్మలు కాలుస్తున్నారు. మాటిచ్చి తప్పిన నాయకులకు పాడె కట్టి, డప్పు కొట్టి, ఆడవాళ్లు శోకాలు పెట్టి మరీ తగలబెడుతున్నారు. బడి లేక మన గల్లీ పిల్లలకూ అదే ఆటయింది. మీ ఫోన్ వచ్చిన సాయంత్రం దీక్షిత నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, బాపుది ఓ అంగీ ఇయ్యి. బొమ్మకు దొడగాలె."

"ఎవరి బొమ్మే?"

"బాపు బొమ్మ. మాట తప్పినోళ్లదే గద కాలవెట్టేది."

వీపు మీద ఒకటి వేద్దామని చెయ్యెత్తాను.

కాసేపటికి గల్లీలో డబ్బా డప్పు మోగింది. అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని పరుగెత్తింది. అప్పటికే గడ్డి బొమ్మ, దాని మీద మీ గళ్ల అంగీ సగం కాలిపోయాయి.

"పానమున్నోనికి పాడె గడ్తరే! నా కొడుకు అంగీ నీకు యాడిదే?" అని పిల్లను కొట్టింది. దీక్షిత నా వైపు చూసింది గానీ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఆ రోజు అత్తమ్మకు చెప్పనిది మీకు చెబుతున్నాను. అంగీ నేనే ఇచ్చాను. ఎత్తిన చెయ్యి దించి, బీరువా తెరిచి, మీరు వెళ్లేనాడు విడిచిన గళ్ల అంగీ తీసి పిల్ల చేతిలో పెట్టాను. మీ వాసన పోతుందని ఇన్నాళ్లూ ఉతకకుండా దాచిన అంగీ అది. ఇచ్చే ముందు ముఖానికి ఆనించుకున్నాను. కలరా ఉండల వాసన తప్ప ఏమీ రాలేదు. అంగీ కాలుతుంటే నాకు ఏడుపు రాలేదు, కడుపు చల్లబడింది.

పాప నిద్రలో ఉలిక్కిపడుతోందా అని కూడా అడిగారు. లేదు, మంచిగా నిద్రపోతోంది. మీ గురించి అడగడం మానేసింది. నిన్న ఎదురింటి పోశయ్య ముచ్చటకు "మీ బాపు ఎప్పుడొస్తడే?" అని అడిగాడు. అది టీవీలో కుందేలు మీంచి చూపు తిప్పకుండా, "ఇగ రాడు. కాలవెట్టినం గద" అన్నది.

వచ్చేదుంటే రండి. లేకుంటే ఆ రెండో సీడీ పంపండి. పిల్లకు కుందేళ్లు నచ్చుతున్నాయి.

ఇట్లు,
మీ బిడ్డ తల్లి,
స్వరూప