ఖాళీ గొట్టం వేడి

నోవై, నవంబరు 2012, శనివారం

ఇవాళ మూర్తి గరాజ్‌లో కోల్డ్ ఫ్యూజన్ మీద మా పాత తగువు తేలిపోయింది. వాడిది నికెల్ పొడి, హైడ్రోజన్. నాది పల్లాడియం, భారజలం. ఎక్కించిన కరెంటు కన్నా ఎవరి పరికరం ఎక్కువ వేడినిస్తుందన్నదే గొడవ.

వాడిదే ఎక్కువ చూపించింది. "ఇంకా ఆ భారజలాన్నే పట్టుకు వేలాడతావట్రా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"పొడి తీసేసి ఖాళీ గొట్టంతో రన్ చెయ్యి" అన్నాను.

ఖాళీ గొట్టమూ అంతే వేడి చూపించింది. అంటే పొడిలో ఏమీ లేదు, తప్పంతా కొలతలోనే. వాడి ముఖం మీదే నవ్వాను.

వాడు మెల్లగా అన్నాడు, "వేడి కొలిచే ఈ పెట్టె నువ్వు చేసిచ్చిందే కదరా. నీ దగ్గరున్నదీ ఇలాంటిదేగా?"

డ్రైవ్ చేసుకుంటూ ఇంటికి వచ్చేశాను. బేస్‌మెంట్‌లోకి దిగి, నా పరికరంలో భారజలం తీసేసి మామూలు డిస్టిల్డ్ వాటర్ పోశాను. వేడి భారజలం వల్లే వస్తుందన్న నా సిద్ధాంతమే నిజమైతే, ఈ నీళ్ళకి అదనపు వేడి రాకూడదు.

వచ్చింది. ఇన్నేళ్ళూ వచ్చినంతే వచ్చింది.

పైనుంచి సరళ కేకేసింది, "ఇంతకీ ఎవరు గెలిచారండీ?"

"నేనే" అన్నాను.