నుదుటి మీద సిరా

అర్గిరో వదినా,

పురావస్తు సంస్థకి నూరేళ్లు నిండాయని ఆదివారం ఊళ్లో సన్మానం చేస్తున్నారు. పాతకాలం గ్రీకుల సమాధుల్లో దొరికిన ఎముకల్ని ముప్పై ఏళ్లు అక్కడ కడిగినదాన్ని కదా, జ్ఞాపిక నా చేతే ఇప్పిస్తారట. "నీ చేతులకి దండం పెట్టాలమ్మా" అన్నాడు మేయరు. నేను వెళ్లను. ఎందుకో నీకొక్కదానికే చెప్తున్నా.

పాతిపెట్టి మూడేళ్లు నిండాయని, మన ఆచారం ప్రకారం కడిగి పెట్టెలో దాచడానికి మొన్న శనివారం మీ తమ్ముడు స్తమాటిస్ ఎముకలు సమాధిలోంచి తీశాం. మోకాళ్ల నొప్పులని నువ్వు రాలేదు, మంచిదైంది. నువ్వు పంపిన వైన్‌తోనే కడిగి, ఎండలో దుప్పటి మీద ఆరబెట్టాను. ఏడుపు రాలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అన్నీ పెట్టెలో సర్దుతుంటే ఫాదర్ కేకేశాడు.

"ఏం చేశావు తల్లీ! నుదుటి మీద ఆ అంకెలేంటి? ఈయన నీ మొగుడా, మ్యూజియం సొత్తా?"

చూసుకుంటే నా చేతిలో కలం ఉంది. సంస్థలో ప్రతి ఎముకకీ వేసినట్టే ఆయనకీ నంబరు వేసేశాను. అది చెరగని సిరా వదినా. మిగిలిన వైనంతా పోసి రుద్దినా పోలేదు.

"చచ్చినోళ్లతో మాట్లాడినంత నాతో మాట్లాడవు" అని దెప్పేవాడు మీ తమ్ముడు.

ఇంకోటి ఫాదర్‌కి కూడా చెప్పలేదు. పెట్టెలో అలవాటుగా చీటీ కూడా వేశాను. చించబోతూ చదివాను, నా చేతిరాతే: "మగమనిషి. అరవై ఏళ్లుండొచ్చు. పేరు తెలియదు."

నీ మరదలు