లంగరు వాటా

నవంబర్ 3, ఆదివారం

లంగరు పోయాడు. మా కుక్క.

పొద్దున మామయ్య వేట నుంచి వచ్చే వేళకి క్రీక్ గట్టు మీద బుట్ట పట్టుకుని నిలబడ్డాను. ఆయన చిన్న పడవ, డోంగీ, కనబడగానే లంగరు రోజూలాగే బురదలోకి దిగి, మోకాలి లోతు నీళ్ళలో తోక ఊపుతూ నిలబడ్డాడు. నీళ్ళు ఒక్కసారి లేచాయి. ఒక్క అరుపు కూడా లేదు. మొసలి వీపు కనిపించింది, అంతే. మామయ్య డోంగీలో లేచి నిలబడి తెడ్డుతో నీళ్ళని కొడుతూనే ఉన్నారు. పైకి రండి, పైకి రండి అని నేను గొంతు పోయేలా అరిచాను. ఆయనకి వినబడలేదు.



నవంబర్ 4

మా ఆయన పోర్ట్‌బ్లెయిర్‌లో షిప్ డ్యూటీలో ఉన్నారు. ఫోన్‌లో సిగ్నల్ దొరికేసరికి మధ్యాహ్నమైంది.  విని, నాన్నని క్రీక్ దగ్గరికి పంపకు అన్నారు. పంపడానికి ఆయనేమైనా నా స్కూల్లో మూడో క్లాసు పిల్లాడా?

మామయ్యకి చెప్పి చూశాను. సముద్రం మీద పుట్టినోణ్ణి, ఈ పిల్లకాలవకి జడుస్తానేటమ్మా అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

నవంబర్ 6

ఈ ఇంట్లో చేపలు రాగానే వాటాలు వేస్తారు. డోంగీకి ఒకటి, వలకి ఒకటి, మనిషికి ఒకటి. నాలుగోది లంగరుకి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నవ్వాను. డోంగీకి కాపలా కాసేవాడికి వాటా ఉండదేటి అని మామయ్య కోప్పడ్డారు.

ఈరోజు కూడా నాలుగు వాటాలు వేశారు. మరిచిపోయారనుకుని గుండె చెరువయింది. మరిచిపోలేదు. నాలుగో వాటా కంచంలో పెట్టుకుని మళ్ళీ క్రీక్‌లోకి దిగారు.

నవంబర్ 7, పొద్దున 6.30

వెనకాలే వెళ్ళాను. లంగరు నిలబడిన చోటే మామయ్య నిలబడ్డారు. కవళ్ళ చేపలు ఒక్కొక్కటే నీళ్ళలోకి విసురుతూ, లంగరూ, రా నాయినా అని పిలుస్తున్నారు. అవతల మడచెట్ల వేళ్ళ మధ్య దుంగ ఉందనుకున్నాను. ఆ దుంగకి కళ్ళున్నాయి.

 నిన్న కూడా ఇలాగే పెట్టారన్న మాట.

నవంబర్ 8

ఈరోజూ వెళ్ళారు.

నవంబర్ 10, ఆదివారం

అన్నం వడ్డిస్తూ అడిగేశాను. మన కుక్కని తిన్నదాన్ని మేపుతారా మామయ్యా అన్నాను. ఆయన కోప్పడలేదు. దానికెట్టడం లేదమ్మా, లంగరుకెడతన్నాను, ఆడిప్పుడు దాని కడుపులో ఉన్నాడు కదా, ఇంకెక్కడికెల్లి ఎట్టమంటావు అన్నారు. అని పప్పులో నిమ్మకాయ పిండుకున్నారు.

 ఇన్నాళ్ళూ మొసలికే భయపడ్డాను. ఇప్పుడు మామయ్యన్నా భయంగా ఉంది. లంగరు పిలిచాడని ఏ పొద్దునో నీళ్ళలోకి నడిచిపోతే?

నవంబర్ 12

ఫారెస్ట్ వాళ్ళు పెద్ద ఇనప బోను తెచ్చి గట్టు దిగువన పెట్టారు. లోపల కోడిని వేలాడదీశారు. గార్డ్ గణేష్, ఎవరూ కిందికి దిగకండి దీదీ అని నాకు చెప్పి వెళ్ళాడు. మామయ్య అరుగు మీదే కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. తలెత్తలేదు.

నవంబర్ 14

బోను ఖాళీ. కోడి కంపు కొడుతోంది. గణేష్ నీళ్ళ వైపు చూసి, ఎవరో రోజూ ఖానా పెడుతున్నారు దీదీ, కడుపు నిండిన మగర్ బోనులోకి ఎందుకొస్తుంది అన్నాడు. స్కూలుకి టైమైందని వచ్చేశాను. చెబితే ముసలాయన మీద కేసు పెడతారేమో. చెప్పకపోతే మనిషే దక్కడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈరోజు మొసలి మడచెట్ల దగ్గరే ఆగలేదు. మామయ్య గొంతు వినగానే ఇవతలికి వచ్చేసింది. ఇద్దరికీ మధ్య మా డోంగీ పట్టేంత చోటే ఉంది.

నవంబర్ 15

స్కూలుకి వెళ్ళలేదు. మామయ్య కంటే ముందే క్రీక్‌లోకి దిగాను. పాదాలు బురదలో దిగబడ్డాయి. ఆయన రాగానే చేతిలో కంచం లాక్కున్నాను. రేపటి నుంచి లంగరు వాటా నేనే పెడతాను, ఇక్కడే నిలబడి పెడతాను అన్నాను. బెదిరించడానికి అనలేదు. ఆయన్ని ఆపడానికి నాకు వేరే దారి తోచలేదు.

నీళ్ళలో ఏదో కదిలింది. నేను అటు చూడలేదు. చూస్తే పడిపోయేదాన్ని.

మామయ్య నా మొహంలోకి చూశారు. లంగరు పోయినప్పటి నుంచీ ఆయన నన్ను అలా చూడలేదు. ఎక్కమ్మా, గట్టెక్కు, బురద జారతాది అన్నారు. నన్ను రెక్క పట్టుకుని పైకి లాగారు. తర్వాత కంచం తీసుకుని బోను దగ్గరికి వెళ్ళి, కుళ్ళిన కోడిని తీసి పారేసి, చేపలు లోపల పెట్టారు. లంగరూ అని ఒక్కసారే పిలిచారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు.

నవంబర్ 16

పడింది. ఊరంతా వచ్చి ఫోన్లలో వీడియోలు తీశారు. ఫారెస్ట్ వాళ్ళు దాని నోరు తాళ్ళతో కట్టి, కళ్ళకి గోనెసంచి కప్పి, జనం లేని చోట వదులుతామన్నారు. ట్రక్కు ఎక్కించే ముందు మామయ్య జనాన్ని తోసుకుంటూ వెళ్ళి దాని పొట్ట మీద చెయ్యి వేశారు. హటో అంకుల్ అని గణేష్ అరిచాడు. మామయ్య నిదానంగా నిమిరి చెయ్యి తీసేశారు. ట్రక్కు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డారు.

నవంబర్ 17, ఆదివారం

మామయ్య పొద్దున్నే నూతి దగ్గర తలకి పోసుకున్నారు. నన్నూ పోసుకోమన్నారు. నిన్నటిదాకా ఇక్కడే ఉన్నాడు కదమ్మా, ఇప్పుడెల్లిపోయాడు, ఇంటికి మైల వచ్చింది అన్నారు. పోసుకున్నాను. రెండో చెంబుకి ఏడుపొచ్చింది.