పులుసు పోటీకి ముఖ్య అతిథి

శ్రీమతి నూకరత్నం గారికి,

ఉప్పాడ దగ్గర మీ వీధిలో ఆదివారం జరగబోయే చేపల పులుసు పోటీ పోస్టరు మా దృష్టికి వచ్చింది. అందులో "వేలాదిగా తరలి రండి" అని ఉంది. కాబట్టి పార్కింగ్ ప్లాను, వేదిక కొలతలు, ముఖ్య అతిథి వివరాలు మూడు రోజుల్లో పంపగలరు.

చంద్రరావు,
ఉత్సవాల అనుమతుల అధికారి

తా.క. జిల్లాకి కొత్తగా వచ్చాను. సముద్రం వైపు అలవాటు లేదు.

*

చంద్రరావు గారికి నూకరత్నం దండం పెట్టి రాసేది ఏంటంటే,

"వేలాదిగా" అన్నది ప్రింటింగ్ షాపు వాళ్ళ పైత్యమండి. బారసాలకైనా అదే వేస్తారు. మేం ఉన్నదే ముప్పై ఆరు ఇళ్ళు. ఎవరింటి ముందు వాళ్ళు పొయ్యి పెట్టి, దాకలో పులుసు కాచి, ఒకరిది ఒకరం తింటాం. వేదికా లేదు, పార్కింగూ లేదు. ముఖ్య అతిథి కోనాం. పొద్దున్నే పడవలో దిగుతుందండి.

మీ మేలు కోరే,
నూకరత్నం

తా.క. కోనాం రాకపోతే కానాగంతలతో సరిపెట్టేస్తాం.

*

శ్రీమతి నూకరత్నం గారికి,

శ్రీమతి కోనాం గారు ఏ హోదాలో ఉన్నారో మీరు రాయలేదు. వి.ఐ.పి.ని పడవలో దించడం ప్రమాదం. కనుక కార్యక్రమాన్ని పట్నంలో పెద్ద మైదానానికి మార్చాం. స్టేజీ, ఎల్.ఇ.డి. తెర మావే. మీ వీధిలో పోటీ జరపరాదు.

చంద్రరావు

తా.క. ఆమె రాకపోతే కానాగంతల వారితో సరిపెట్టడం మర్యాద కాదు. ఇద్దరికీ శాలువాలు చెప్పాం.

*

చంద్రరావు గారూ,

కోనాం అంటే చేపండి! కానాగంతలూ చేపలేనండి! మీ ఉత్తరం వీధిలో చదివితే మా అత్త తలుపులమ్మ గారికి నవ్వీ నవ్వీ పొలమారింది.

నవ్వు అయిపోయింది, ఇక అసలు మాట. నాలుగేళ్ళ కిందట సముద్రం మా ముందు వరస ఇళ్ళన్నీ మింగేసింది. ఆ మనుషులు తలో కాలనీకీ చెదిరిపోయారు. ఏడాదికి ఈ ఒక్కరోజు వచ్చి, మాతోపాటు కింద కూర్చుని తింటారు. వాళ్ళని మీ మైదానంలో చివరి కుర్చీల్లో కూర్చోబెట్టమంటారా? మేం రాం. పోటీ వీధిలోనే. ఇంటి ముందు పులుసు కాచుకోడానికి అనుమతి అడగాలంటే, ఆ అడగడం మాకు చేతకాదు. ఆపాలనుంటే మీరే రండి.

గరిటె కింద పెట్టకుండానే రాసిన,
నూకరత్నం

తా.క. వస్తే ఖాళీ కడుపుతో రండి.

*

నూకరత్నమ్మ గారికి,

ఆదివారం ఆపుదామనే వచ్చానండి. జేబులోంచి ఆర్డరు తీసేలోపే తలుపులమ్మ గారు "ఏంటండీ నిలబడిపోయారు, కూర్చోండి" అని విస్తరి వేసేశారు. బయటి ఊరివాణ్ణి, ఎవరి పక్షమూ కాదని తీర్పు కూడా నన్నే చెప్పమన్నారు. పదకొండో దాక దగ్గర నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కారమని చెప్పాను. కారం కాదు. ఎదురుగా, ఇల్లు పోయిన సుబ్బాయమ్మ గారు తన పాత పక్కింటావిడకి ముల్లు తీసి ముక్క పెడుతున్నారు.

పోటీ ఆపనందుకు మర్నాడు నాకు మెమో వచ్చింది. జవాబు రాశాను: "వెళ్ళింది నిజం. తిన్నది నిజం. ఆపలేదు. వచ్చే ఏడూ ఆపను."

మీ వీధి తీర్పరి,
చంద్రరావు

తా.క. అది చదివి పై ఆఫీసరు ఫోన్ చేశారు. తిట్లకి సిద్ధపడ్డాను. ఆయన గొంతు తగ్గించి, "పులుసేమైనా మిగిలిందా?" అన్నారు.