బయోడేటాలో లేని బడి

జనవరి 6, సోమవారం

నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. నాకు చదువు రాదు. ఆ మాట మొదటే రాసెయ్యమన్నాను, రేపెవరో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పకుండా.

ఇది ఎవరికీ పంపేది కాదు. నా తరఫు మాట ఒకచోట పడి ఉండాలి. అబ్బే, ఈ ముసలిది అలా అనలేదు అని ఎవడైనా అంటే తేదీతో సహా ముఖాన పెట్టాలి.

సంగతి ఇది. వచ్చే నెల బ్యాంకుల వాళ్ల పెద్ద కాన్ఫరెన్స్ ఉంది. నన్ను స్పీకర్‌గా పిలిచారు. ఊరికే పిలవలేదు. మా వీధి ఆడవాళ్ల పొదుపు సంఘంలో ఇరవై ఎనిమిదేళ్లుగా, అప్పు అడిగినవాళ్ల ఇల్లు చూసొచ్చే పని నాది. ఇస్త్రీ బండి నడుపుతాను కాబట్టి ఏ గుమ్మమైనా ఎక్కొచ్చు. బట్టలున్నాయా అని వెళ్తాను. మంచినీళ్లు అడుగుతాను. నీళ్లు వచ్చేలోపు చూడాల్సింది చూస్తాను. గ్లాసు ఎవరు తెస్తారు, కదిలే ముందు ఎవరి ముఖం చూస్తారు, ఎవరి మాట ఎవరు మింగుతారు. బయటికొచ్చి ఇవ్వచ్చనో ఆగమనో సంఘానికి చెబుతాను. ఇన్నేళ్లలో నా మాట తప్పింది రెండిళ్లలో. ఆ రెండూ ఇప్పటికీ నాకు కంట్లో నలుసులే.

ఇవాళ వాళ్ల బ్రోషర్ కోడలి ఫోన్‌కి వచ్చింది, ప్రింటుకు ముందు చూసుకోమని. ఒక్కో స్పీకర్‌కి ఒక ఫోటో, దాని కింద ఆ మనిషి బతుకంతా నాలుగు లైన్లలో. కోడలు చదివి వినిపించింది. ఒకాయన మూడు దేశాల బ్యాంకుల్లో చేశాడట. ఒకావిడకు రిస్క్‌లో ఇరవై రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ అట. రిస్క్ అంటే ఏమిటే అన్నాను. ఇచ్చింది తిరిగొస్తుందో రాదో అన్న భయం అత్తయ్యా అంది. భయపడటానికి కూడా డిగ్రీ కావాలా అన్నాను.

చివరి పేజీలో నేను. ఫోటో లేదు. ఒకటే మాట. లబ్ధిదారు.

అంటే ఒకరి వల్ల మేలు పొందిన మనిషట. ఎవరి వల్లనో చూడమన్నాను. పై పేజీలో దొరికాడు. రికార్డరు సారు! ప్రొఫెసర్, రెండు యూనివర్సిటీల చదువు, పై దేశపు డాక్టరేట్. ఇంటి పరిశీలనతో రుణ అర్హత తేల్చే పద్ధతికి రూపకర్త. ఆ పద్ధతిని ఇప్పుడు నలభై బ్రాంచీల్లో వాడుతున్నారట. దాని లబ్ధిదారును నేనట.

పదకొండేళ్ల కిందట ఈ మనిషి నా బండి పక్కన స్టూలేసుకుని నాలుగు నెలలు కూర్చున్నాడు. నా నోటి ముందు రికార్డరు పెట్టేవాడు. నా వెనకే ఇళ్లకొచ్చేవాడు. పాపం, ఒక రోజు మూట కూడా మోశాడు. సగం బట్టలు రోడ్డుపాలు చేశాడు.

కోడలు నవ్వుతోంది. నవ్వు తర్వాత, ముందు రాయి అన్నాను.

జనవరి 7, మంగళవారం

పొద్దున్నే ప్రోగ్రాం చూసే అమ్మాయికి ఫోన్ చేయించాను. మర్యాదస్తురాలే. సిస్టంలో నాలుగే రకాలున్నాయి మేడమ్ అంది. బ్యాంకర్, ప్రొఫెసర్, గవర్నమెంట్, లబ్ధిదారు. క్వాలిఫికేషన్ దగ్గర ఖాళీ ఉంటే చివరిదే తీసుకుంటుందట. నేను అయిదో రకం అన్నాను. అయిదోది లేదు మేడమ్ అంది. లేకపోతే చేయించు తల్లీ, నలుగురు పట్టిన బల్ల మీద అయిదోదానికి చోటుండదా అన్నాను.

రెండు కోరికలు చెప్పాను. ఒకటి, నా పని నా పేరు కింద పడాలి. రెండు, అందరి కింద ఎక్కడ చదివారో వేశారు. ఆ సారు నా దగ్గర నాలుగు నెలలు చదివాడు. అదీ పడాలి.

పైవాళ్లను అడిగి ఫోన్ చేస్తానంది ఆ పిల్ల.  

జనవరి 9, గురువారం

ఫోన్ లేదు.

జనవరి 10, శుక్రవారం

ఫోన్ లేదు. ఒక తెల్ల చొక్కా కాల్చాను. బండి పెట్టాక ఇదే మొదటిసారి. ఇది కూడా ఆ సారు ఖాతాలోనే రాయమన్నాను.

జనవరి 13, సోమవారం

సంఘం సెక్రటరీ వచ్చింది. టైలరు. కత్తెరకున్నంత పదును నోటికీ ఉంది, కానీ ఇవాళ మెత్తగా వచ్చింది. అక్కా, కాన్ఫరెన్స్ పెట్టేది మన సంఘానికి లోన్ ఇచ్చే బ్యాంకే, మనల్ని వాళ్లకు చూపించిందీ ఆ సారే, ఎందుకక్కా గొడవ అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంది. అడగందే అమ్మయినా పెట్టదు అన్నాను. కొండతో ఢీకొంటే తలే పగులుతుంది అంది. చలిచీమల చేత చిక్కిన పాము సంగతేమిటి అన్నాను. అలా సామెతలతో కాసేపు కొట్టుకున్నాం. కోడలు టీ తెచ్చి విడదీసింది.

గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగింది. అక్కా, సెక్రటరీ పేరు కూడా ఎక్కడైనా వేస్తారంటావా అంది.

జనవరి 17, శుక్రవారం

సారే ఫోన్ చేశాడు. గొంతు లావెక్కింది. అమ్మా బాగున్నారా, మోకాళ్లెలా ఉన్నాయి అన్నాడు. మోకాళ్లు నేను చూసుకుంటాను, లైను సంగతి చెప్పండి అన్నాను.

చాలాసేపు విడమరిచాడు. నాది అనుభవమట, తనది పద్ధతట. నేనిచ్చింది డేటా అట. దాన్ని కడిగి, ఆరేసి, మడత పెట్టింది తనట. ఇస్త్రీ చేసినంత మాత్రాన చొక్కా మనదవుతుందా సారూ, నేనలా అనుకునుంటే ఈ వీధిలో సగం బట్టలు నా బీరువాలో ఉండాలి అన్నాను.

అప్పుడు కాగితం బయటికి తీశాడు. పదకొండేళ్ల కిందట నేను వేలిముద్ర వేశానట. ఆ సమాచారం మీద హక్కులు వాళ్ల సంస్థవేనని అందులో ఉందట. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో భద్రంగా ఉందట. చదవమన్నాను. తేదీ చదివాడు. మా వీధి చదివాడు. సమాచారం ఇచ్చినవారు అని చదివి నా పేరు చదివాడు. ఎన్ని రోజులు తీసుకున్నారో, అదీ ఉంది.

మరి నా దగ్గర నేర్చుకున్నట్టు నీ చేతిలోనే రసీదుంది కదా నాయనా, ఆ కాగితం బ్యాంకు వాళ్లకు నువ్వు పంపుతావా, నన్ను వచ్చి అడగమంటావా అన్నాను.

నవ్వబోయాడు. సగంలో ఆపేశాడు.

జనవరి 20, సోమవారం

ఒప్పుకున్నారు!

ఆ అమ్మాయి తనే ఫోన్ చేసి చదివింది. నా కింద: రుణ పరిశీలకురాలు, ఇరవై ఎనిమిదేళ్లు, ఇస్త్రీ బండి. సారు కింద, డాక్టరేట్ తర్వాత: నాలుగు నెలల క్షేత్ర శిక్షణ, వారి వద్ద. వారు అంటే నేను. ఫోటో కావాలంటే ఇస్త్రీ పెట్టె పట్టుకుని దిగాను. నవ్వమంది కోడలు. ఆ మూడు దేశాలాయన నవ్వాడా అన్నాను.

జనవరి 24, శుక్రవారం

ఇది రాయించాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాయమంటున్నాను. ఇళ్లు మాత్రం చెప్పను.

పద్ధతి పక్కన ఇప్పుడు నా పేరుంది కాబట్టి ఆ పద్ధతి కాగితం నాకూ పంపారు, చూసి సరే అనమని. బ్యాంకు ఆఫీసర్లు ఇళ్లకెళ్లి నింపే ప్రశ్నలవి. కోడలు ఒక్కొక్కటే చదివింది. నాలుగు దాకా బాగానే ఉన్నాయి. అయిదోది: నీళ్లు తెచ్చే ముందు స్త్రీ భర్త ముఖం చూసిందా? చూస్తే తిరస్కరించాలి.

మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదవమన్నాను. మూడోసారి కోడలి గొంతు కూడా తగ్గింది.

తలకిందులుగా నేర్చుకున్నాడు. అలాంటి ఇంట్లో నేనూ కుదరదనే చెబుతాను, ఆ మొగుడి ముందు. అతను వింటాడు, ఒక మాట తిట్టుకుంటాడు, మర్చిపోతాడు. రెండు రోజులాగి ఇస్త్రీ బట్టలు తిరిగిచ్చే వేళ, అతను లేనప్పుడు, నువ్వొక్కదానివే సంఘానికి రా అని ఆవిడకు చెబుతాను. లోన్ ఆవిడ చేతికే. మొగుడి కంట పడకుండా పుస్తకం మా దగ్గరే. గ్లాసెత్తడానికి కూడా మొగుడి కళ్లలోకి చూసే మనిషికి చేతిలో నాలుగు డబ్బులు ఆడటం కన్నా వేరే దారేముంది? అలా తీసుకున్నవాళ్లలో ఎగ్గొట్టినవాళ్లు ఒక్కరూ లేరు. నా మాట తప్పిన రెండిళ్లూ మగవాడు గడగడా మాట్లాడిన ఇళ్లే.

సారు బట్టలు తీసుకునే రోజు వచ్చేవాడు. తిరిగిచ్చే రోజు రాలేదు. ఆ రోజుల్లో ఆయనకు క్లాసులుండేవి.

నేనూ చెప్పలేదు. రెండోసారి వెళ్లడం మగవాళ్ల చెవిన వెయ్యకూడదన్నది మా సంఘం కట్టుబాటు. మంచి కట్టుబాటు. ఈ వీధి ఆడవాళ్లను అదే కాపాడింది. ఈ వీధి బయట ఇన్నేళ్లుగా ఆ నలభై బ్రాంచీల్లో ఎంతమంది మొగుళ్ల ముఖం చూశారో, ఎంతమందికి తలుపు మూసుకుందో. మూసిన కాగితం మీద ఇప్పుడు నా పేరు. అడిగి, కొట్లాడి వేయించుకున్నాను.

అన్నం సయించలేదు. కోడలు బతిమాలింది.

జనవరి 27, సోమవారం

ఆ అమ్మాయికి ఫోన్. సారు నా దగ్గర చదివాడన్న లైను తీసెయ్యమన్నాను. అంత పట్టుబట్టి వేయించారు కదా మేడమ్ అంది. వేయించినదాన్నే తీయిస్తున్నాను, ఆ చదువు పూర్తి కాలేదు అన్నాను. ప్రింటుకు వెళ్లిపోయిందట. పోనీలే, మైకుంటుందిగా అన్నాను.

సెక్రటరీని పిలిచి అంతా చెప్పాను. కుర్చీలో కూలబడింది. చెబితే మన ఆడవాళ్ల కాపురాలు బజారున పడతాయక్కా, చెప్పకపోతే ఆ బయటివాళ్లు చస్తారు అంది. తప్పని చెబుతాను, ఎందుకు తప్పో చెప్పను అన్నాను. కారణం లేకుండా నీ మాట ఎవరు నమ్ముతారక్కా అంది. అదే చూద్దాం అన్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం. సాయంత్రం ఆరు

ఇప్పుడే వచ్చాం. కాళ్లు కూడా కడుక్కోలేదు. మర్చిపోకముందే రాయమన్నాను.

పెద్ద హాలు. స్వెటర్ కావాల్సినంత చలి. టేబుల్ మీద ఒక్కొక్కరి ముందు పేరు రాసిన చిన్న బోర్డు, మూత తీయని నీళ్ల సీసా. మైకు పట్టుకున్నాయన ఒక్కొక్కరి నాలుగు లైన్లూ చదివాడు. పై దేశం పేరు వచ్చినచోటల్లా చప్పట్లు. ఆ మూడు దేశాలాయన చెప్పింది కోడలికే అర్థం కాలేదు, అయినా తలలూపారు. నా లైను చదివారు. ఇస్త్రీ బండి దగ్గర వెనక వరసల్లో నవ్వులు. నవ్వనిచ్చాను.

మైకు నా చేతికొచ్చింది. అయ్యా, అమ్మా, మీ కాగితంలో అయిదో ప్రశ్న తప్పు, తిరస్కరించాలి అన్నచోట ఇవ్వాలి అని కొట్టి రాయండి అన్నాను. అంతే చెప్పి ఊరుకున్నాను.

రిస్క్ ఆవిడ ఎందుకని అడిగింది. చెప్పనన్నాను. ఆధారం లేకుండా మార్చలేం కదండీ అంది. తల్లీ, పొద్దుటి నుంచి ఇక్కడ ఎనిమిది మంది మాట్లాడారు, వాళ్ల ఫోటో కింద లైన్లు చదవగానే నమ్మారు, ఎవర్నీ రుజువడగలేదు, నీకు ఇరవై రెండేళ్లు, నాకు ఇరవై ఎనిమిది, ఆ లైను మీరే వేశారు, వేశాక నమ్మాలి, నమ్మకపోతే ఎందుకేసినట్టు అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

సారు పక్కనే ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. మైకు పక్కకు తిప్పి, అమ్మా నేను ఏం చూడలేదు అని అడిగాడు. నువ్వు రాని రోజులు అన్నాను. ఏ రోజులు అన్నాడు. అది కూడా నీకు చెప్పను, నీ బ్యాంకులో ఆడాఫీసర్లుంటే పంపు, వాళ్లకు నేర్పుతాను, వాళ్లు కూడా నీకు చెప్పరు అన్నాను.

తల దించుకున్నాడు. నోట్సు కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దాడు. తర్వాత లేచి, తేలేదాకా అయిదో ప్రశ్న వాడొద్దని, పరిశీలన తాను సగమే చేశానని నలుగురి ముందూ చెప్పాడు. తన పేరున్న పద్ధతిని తనే కోసుకున్నాడు. ఆ మాట అనడానికి ఏ డాక్టరేటూ సాయం రాదు. నా చదువు ఆ మాత్రమైనా ఒంటబట్టిందన్నమాట.

ఫిబ్రవరి 12, బుధవారం

సెక్రటరీ స్వీట్లు తెచ్చింది. బ్రోషర్‌లో తన పేరు లేదని మాత్రం మూడుసార్లు అంది.

మార్చి 4, మంగళవారం

బ్యాంకు నుంచి ఇద్దరు ఆడాఫీసర్లు వచ్చారు. సాయంత్రం దాకా నా వెంట తిరిగారు. ఎవరి ఇళ్లకెళ్లామో రాయించను. నాక్కూడా చెప్పవా అత్తయ్యా అని కోడలు అలిగింది.

నువ్వు రాసేదానివి కదే అన్నాను.