పరగడుపున రెండు చెంచాల నెయ్యి

మార్చి 3
అంకుల్ కొలెస్ట్రాల్ గోలీలు మానేశాడు. గుండెలో స్టెంట్ వేసి ఏడాది కూడా కాలేదు! గోలీకి బదులు రోజూ పరగడుపున రెండు పెద్ద చెంచాల నెయ్యి. నెయ్యి రక్తనాళాలను కడిగేస్తుందట, గింజల నూనెలు విషమట — ఫోన్‌లో ఎవడో చెప్పాడు. లండన్ ఈస్ట్ హామ్‌లో ఈయన ఇంటి పైగదిలోనే అద్దెకుంటున్నాను, న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. నన్ను ఒక్క మాట అడగలేదు.
"మీ ఆంటీకి చెప్పకు బిడ్డా, ఊకె లొల్లి చేస్తది."

మార్చి 4
విషమట. మా అమ్మ నన్ను పల్లీనూనెతోనే పెంచింది.

మార్చి 6
ఉండబట్టలేక చెప్పాను. అన్నంలో చెంచా నెయ్యి వేసుకోండి అంకుల్, వద్దనను. రోజూ ఇంత తాగితే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, పైగా గోలీ కూడా లేకుండా... నవ్వాడు.
"మా తాత నెయ్యి తాగి తొంభై ఏండ్లు బతికిండు. నీ బుక్కులల్ల ఉన్నడా మా తాత?"
లేడు. మా తాతా లేడు. దొర ఇంటికి నెయ్యి కుండలు మోశాడే గాని, వేలు ముంచి రుచి చూసిన పాపాన పోలేదు. మా ఇంట్లో మొదటి చదువు నాది. అది ఆ ఫోన్‌లోవాడి పాటి కూడా చెయ్యదా...

మార్చి 11
సర్జరీకి వెళ్లాం — డాక్టరు క్లినిక్‌ను ఇక్కడ అలాగే అంటారు. అంకుల్‌కు ఇంగ్లిష్ తడబడుతుందని నేను తోడు. రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ బాగా పెరిగింది. గోలీ రోజూ వేసుకుంటున్నారా అని డాక్టరమ్మ అడిగింది.
"ఏస్కుంటున్న అని చెప్పు."
చెప్పాను. నేనే. నా నోటితోనే.
ఆవిడ డోసు పెంచింది. మింగని గోలీకి డోసు!

మార్చి 12
ఆవిడ ఇచ్చిన కరపత్రంలో వెన్న, పందిమాంసం బేకన్, కేక్ బొమ్మలు. నెయ్యి లేదు. మా వంటిళ్లు ఈ దేశంలో లేనట్టే. కోపం వస్తుంది — కానీ కరపత్రం అబద్ధమాడలేదు, నేనాడాను.

మార్చి 14
"మీరు చెప్పకపోతే నేనే సర్జరీకి ఫోన్ చేస్తాను" అన్నాను.
"నా ఇంట్ల ఉండి నా మీదనే చాడీలా?"
మధ్యాహ్నం షాపు నుంచి వచ్చి, మెట్ల సగంలో ఆగిపోయాడు. ఛాతీ మీద చెయ్యి. "మోకాళ్లు బిడ్డా" అన్నాడు. మోకాళ్లట!

మార్చి 16
ఆంటీ బీరువా సర్దుతూ పిలిచింది. స్వెట్టర్ల కింద నాలుగు గోలీల డబ్బాలు, ఒక్క పట్టీ కూడా చింపలేదు.
"గివి దేనివి బిడ్డా? రోజు ఏస్కుంటున్న అంటడు గదా ఈయన..."
ఆవిడకు ఇంగ్లిష్ చదవడం రాదు. తలుపు దగ్గర అంకుల్ — వద్దు, వద్దు అని కళ్లతోనే.
డబ్బా అందుకున్నాను. పేరు, తేదీ, ఎప్పుడు వేసుకోవాలో, అంతా పైకి చదివాను. ఇంగ్లిష్‌లో.
"తెలుగుల చెప్పు" అంది ఆంటీ.